స్కీన్స్‌ను అమ్మేద్దామంటున్న పిట్స్‌బర్గ్ తెలుగు మిత్రులకు బహిరంగ లేఖ

పైరేట్స్ బేస్‌బాల్ జట్టును తమ జట్టుగా చేసుకున్న పిట్స్‌బర్గ్ తెలుగు అన్నలకు, అక్కలకు, తమ్ముళ్లకు, చెల్లెళ్లకు నమస్కారం.

ఈ 2025-26 చలికాలం మనవాళ్లు నలుగురు ఎక్కడ కలిసినా ఒకటే టాపిక్. పెన్ హిల్స్ గుడిలో దర్శనం చేసుకుని క్యాంటీన్‌లో పులిహోర ముందు కూర్చున్నా అదే, క్రాన్‌బెరీలో ఎవరింట్లోనో పిల్లల పుట్టినరోజుకు వెళ్లినా అదే. మన పిచ్చర్ (బంతి విసిరేవాడు) పాల్ స్కీన్స్‌ను ఇప్పుడే ట్రేడ్ చేస్తే, అంటే వేరే జట్టుకిచ్చి బదులు ఆటగాళ్లను తెచ్చుకుంటే, ఏమొస్తుంది? యాంకీస్ ఎవర్నిస్తారు, డాడ్జర్స్ ఎంతమంది ప్రాస్పెక్ట్‌లను (ఇంకా ఎదుగుతున్న కుర్ర ఆటగాళ్లను) ఇస్తారు, మెట్స్ ఎంతదాకా వస్తారు? ఈ లెక్కలు వేస్తున్నవాళ్లు ఆట తెలియనివాళ్లు కాదు. ఏప్రిల్ చలిలో దుప్పటి కప్పుకుని మరీ మన స్టేడియం పీఎన్‌సీ పార్క్‌లో కూర్చునేవాళ్లు. అందుకే ఈ లేఖ టీమ్ యజమానికి కాకుండా ముందు మీకు రాస్తున్నాను.

నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. స్కీన్స్‌ను అమ్మే మాట మనం ఎత్తకూడదు. కనీసం 2028 సీజన్ ముగిసేదాకా ఎత్తకూడదు. మనం అడగాల్సినవి వేరే ఉన్నాయి. స్కీన్స్ ముందు పెద్ద కాంట్రాక్టు పెట్టమని అడగాలి, అతని వెనక పరుగులు చేసే బ్యాటర్లను నిలబెట్టమని అడగాలి.

హైదరాబాద్ నుంచో విజయవాడ నుంచో ఇది చదివేవాళ్ల కోసం రెండు మాటలు. స్కీన్స్ పైరేట్స్ పిచ్చర్. జట్లు వంతులవారీగా కొత్త ఆటగాళ్లను ఎంచుకునే డ్రాఫ్ట్‌లో 2023లో మొట్టమొదట ఎంపికైన ఆటగాడు (మొదటి పిక్). 2024 మే 11న తొలి మ్యాచ్ ఆడాడు. రెండో మ్యాచ్‌లోనే షికాగోలో ఆరు ఇన్నింగ్స్ వేసి ఒక్క హిట్ కూడా ఇవ్వలేదు, 11 మందిని స్ట్రయికౌట్ (బంతి కొట్టనివ్వకుండా ఔట్) చేశాడు. ఆ ఏడాది నేషనల్ లీగ్‌లో ఉత్తమ కొత్త ఆటగాడు అతనే. 2025లో ఉత్తమ పిచ్చర్‌కిచ్చే సై యంగ్ అవార్డు వచ్చింది, అదీ ఓటు వేసినవాళ్లందరూ మొదటి స్థానం అతనికే ఇస్తే. ఆ ఏడాది అతని ఈఆర్‌ఏ 1.97. అంటే తొమ్మిది ఇన్నింగ్స్‌కి సగటున రెండు పరుగులు కూడా ఇవ్వలేదన్నమాట. 187 ఇన్నింగ్స్ పైన వేసి 216 మందిని స్ట్రయికౌట్ చేశాడు.

అంత చేసినా అతని పేరు పక్కన గెలుపులు 10, ఓటములు 10.

2025 మే 18న ఫిలడెల్ఫియాలో జరిగిన మ్యాచ్ ఒక్కటి చాలు, ఈ జట్టు సంగతేమిటో తెలియడానికి. స్కీన్స్ ఎనిమిది ఇన్నింగ్స్ వేశాడు, ఒకే ఒక్క పరుగు ఇచ్చాడు. సొంత మైదానంలో ఆధిక్యంలో ఉన్న ఫిలీస్‌కి తొమ్మిదోసారి బ్యాటింగ్ చేయాల్సిన పనే పడలేదు. అలా అతని కెరీర్‌లో మొదటి కంప్లీట్ గేమ్ (మ్యాచ్ అంతా ఒక్కడే వేయడం) 1-0 ఓటమిగా రికార్డుల్లోకి ఎక్కింది. మనవాళ్లు ఒక్క పరుగు చేసి ఉంటే మ్యాచ్ ఇంకా నడిచేది. ఒక్కటి! ఆ సీజన్ మొత్తంలో పరుగుల్లో 30 జట్లలో మనది ఆఖరి స్థానం, హోమ్‌రన్లలోనూ ఆఖరి స్థానం. 71 గెలిచి 91 ఓడాం.

ఇక్కడే మీ వాదన మొదలవుతుందని నాకు తెలుసు. "పిచ్చర్లు మనకు ఎక్కువే ఉన్నారు, బ్యాటర్లు లేరు. ఉన్నదాన్ని ఇచ్చి లేనిదాన్ని తెచ్చుకోవడం తప్పా?" అంటారు. దానికి తోడు, పిచ్చర్ చెయ్యి ఎప్పుడు పోతుందో ఎవరికీ తెలియదు, అందుకే ధర బాగా ఉన్నప్పుడే అమ్మాలంటారు. ఈ వాదనలో బలముంది. స్టీఫెన్ స్ట్రాస్‌బర్గ్‌కి వాషింగ్టన్ 2019 డిసెంబర్‌లో ఏడేళ్లకు 245 మిలియన్ డాలర్లు రాసిచ్చింది, ఆ తర్వాత అతను వేసింది ఎనిమిది మ్యాచ్‌లు. కార్బిన్ బర్న్స్‌తో 2024 డిసెంబర్‌లో అరిజోనా 210 మిలియన్లకు సంతకం చేయించుకుంది, 2025 జూన్‌కల్లా మోచేతికి ఆపరేషన్ అయింది. మన జారెడ్ జోన్స్ కూడా మోచేతి ఆపరేషన్‌తో 2025 మొత్తం పోగొట్టుకున్నాడు. తల్లి తరఫున భారతీయ మూలాలున్న కుమార్ రాకర్ సంగతి మనలో చాలామందికి గుర్తే. 2021లో మెట్స్ అతన్ని పదో పిక్‌గా తీసుకున్నారు. వైద్య పరీక్షల తర్వాత చేతిమీద అనుమానం వచ్చి అసలు కాంట్రాక్టే ఇవ్వలేదు. ఏడాది తిరక్కుండా రేంజర్స్ అదే కుర్రాణ్ని మూడో పిక్‌గా తీసుకున్నారు. తర్వాత ఆపరేషన్ అయింది, కోలుకున్నాడు, 2024 సెప్టెంబర్‌లో మేజర్స్‌లో (అత్యున్నత లీగ్‌లో) అడుగుపెట్టాడు. కాబట్టి రిస్క్ లేదని నేను అనను.

అయితే ఆ రిస్క్ ఎవరు మోయాలి? ఆటగాడు తన చెయ్యి పణంగా పెడుతున్నాడు. మనం టికెట్ డబ్బు, పార్కింగ్ డబ్బు పెడుతున్నాం. యజమాని మాత్రం ఏ రిస్కూ లేకుండా చూసుకోవాలా? మన మాటల్లో నాకు బాధ కలిగించేది ఇదే. మనకు తెలియకుండానే యజమాని జమాఖర్చులు చూసే గుమాస్తాల్లా మాట్లాడుతున్నాం. "ఎక్స్‌టెన్షన్‌కి (కాంట్రాక్టు పొడిగింపుకి) డబ్బెక్కడిది?", "మనది చిన్న మార్కెట్ కదా!" ఈ మాటలు యజమాని బాబ్ నటింగ్ గారు అనాలి, మనం నిలదీయాలి. మనమే ఆయన తరఫున సమాధానం చెప్పేస్తుంటే ఆయన్ని ఇంక అడిగేదెవరు?

పిచ్చర్‌ను ఇచ్చి బ్యాటర్లను తెచ్చుకోవడమన్నారు కదా, అది మనకు కొత్త కాదు. తీగ పట్టుకుని లాగి చూద్దాం. 2011లో గెరిట్ కోల్ కూడా మొట్టమొదటి పిక్కే. 2018 జనవరిలో, ఇంకా రెండు సీజన్లు మన దగ్గరే ఉండాల్సినవాణ్ని, హ్యూస్టన్‌కి ఇచ్చేశాం. బదులుగా నలుగురొచ్చారు: జో మస్‌గ్రోవ్, కాలిన్ మొరాన్, మైకేల్ ఫెలీజ్, జేసన్ మార్టిన్. కోల్ 2019లో 326 స్ట్రయికౌట్లు చేసి, ఆ డిసెంబర్‌లోనే యాంకీస్‌తో తొమ్మిదేళ్లకు 324 మిలియన్ల కాంట్రాక్టు తీసుకున్నాడు. వచ్చిన నలుగురిలో నిలబడ్డవాడు మస్‌గ్రోవ్. అతన్ని 2021 జనవరిలో శాన్ డియేగోకి పంపేశాం. ఏప్రిల్‌లో అతను ఆ జట్టు చరిత్రలోనే మొదటి నో-హిటర్ (ఎదుటి జట్టుకు ఒక్క హిట్ కూడా ఇవ్వని మ్యాచ్) వేశాడు. అతనికి బదులుగా వచ్చినవాళ్లలో డేవిడ్ బెడ్నార్ ఉన్నాడు. మన పక్కనే మార్స్‌లో పెరిగిన కుర్రాడు, ఆల్ స్టార్ (ఏటా జరిగే మేటి ఆటగాళ్ల మ్యాచ్‌కి ఎంపికైనవాడు) అయ్యాడు. అతను చివరి ఇన్నింగ్స్ వేయడానికి బుల్‌పెన్ (పిచ్చర్లు సిద్ధమయ్యే చోటు) తలుపు తీసుకుని వస్తుంటే స్టేడియమంతా లేచి నిలబడేది. 2025 జూలైలో అతన్నీ యాంకీస్‌కే ఇచ్చేశాం. బదులు వచ్చింది మళ్లీ ప్రాస్పెక్ట్‌లే, మళ్లీ "రెండు మూడేళ్లు ఆగండి" అన్న మాటే.

కోల్ వెళ్లిన 2018 నుంచి 2025 దాకా ఎనిమిది సీజన్లు. వాటిలో ఓటముల కంటే గెలుపులు ఎక్కువున్నది ఒక్క 2018లోనే, 82-79. ప్లేఆఫ్స్ ఒక్కసారి కూడా లేదు.

క్రిస్ ఆర్చర్ ట్రేడ్ గురించి రాయాలంటే ఇప్పటికీ చెయ్యి రాదు. 2018 జూలై 31నాటి ట్రేడ్‌లో టైలర్ గ్లాస్నో, ఆస్టిన్ మెడోస్, షేన్ బాజ్ ముగ్గుర్నీ ఇచ్చి పిచ్చర్ ఆర్చర్ ఒక్కణ్ని తెచ్చుకున్నాం. మెడోస్ మరుసటి ఏడాదే ఆల్ స్టార్. గ్లాస్నోకి 2023 చివర్లో డాడ్జర్స్ 136.5 మిలియన్లు రాసిచ్చారు. ఇక చాలు.

ఒక మాట ఒప్పుకోవాలి. అమ్మకాలతోనే బాగుపడ్డ జట్టూ ఉంది. మిల్వాకీ మనకంటే చిన్న మార్కెట్. 2024 ఫిబ్రవరిలో బర్న్స్‌ను, ఆ డిసెంబర్‌లో డెవిన్ విలియమ్స్‌ను ఇచ్చేసింది. అయినా 2025లో 97 మ్యాచ్‌లు గెలిచి లీగ్ మొత్తంలో అత్యుత్తమ రికార్డు తెచ్చుకుంది. మీరు మిల్వాకీ పేరు ఎత్తినప్పుడల్లా నేను వింటూనే ఉన్నాను. కానీ ఆ రెండు ట్రేడ్‌లు ఎప్పుడు జరిగాయో చూడండి. ఇద్దరికీ ఫ్రీ ఏజెన్సీకి (ఏ జట్టుకైనా వెళ్లే స్వేచ్ఛకి) ముందు ఒక్క సీజనే మిగిలి ఉంది. వాళ్లు ఉన్నన్నాళ్లూ పక్కన సరైన జట్టుంది, ప్లేఆఫ్స్ ఆడారు. స్కీన్స్ ఫ్రీ ఏజెంట్ అయ్యేది 2029 సీజన్ తర్వాత. అంటే ఇంకా నాలుగు సీజన్లు మన చేతిలో ఉన్నాడు. నాలుగేళ్లున్నవాణ్ని అమ్మడం మిల్వాకీ పద్ధతి కాదు. 2028 చివరికి ఎక్స్‌టెన్షన్ కుదరకపోతే అప్పుడు మాట్లాడుకుందాం. అప్పుడు నేను అడ్డురాను.

ఇప్పుడు డబ్బు సంగతి. 2025లో స్కీన్స్ జీతం 8 లక్షల 75 వేల డాలర్లు. కొత్తగా వచ్చిన ఆటగాళ్లకు మొదటి మూడేళ్లు దాదాపు టీమ్ ఎంత ఇస్తే అంతే. ఆ తర్వాత ఆర్బిట్రేషన్ (జీతం మధ్యవర్తి తేల్చడం), ఆరేళ్ల సర్వీసు నిండాక ఫ్రీ ఏజెన్సీ. బాగా ఆడిన కొత్తవాళ్లకు బోనస్ పూల్ ఒకటుంది, స్కీన్స్‌కి అందులోంచి మంచి మొత్తమే వచ్చింది. కానీ ఆ 50 మిలియన్ల పూల్‌లో డబ్బు వేసేది 30 జట్లూ కలిసి. అదే 2025 మార్చిలో స్కీన్స్ తొలి మ్యాచ్ జెర్సీ ముక్క అతికించిన ట్రేడింగ్ కార్డు ఒకటి వేలంలో 11 లక్షల 10 వేల డాలర్లకు అమ్ముడుపోయింది. అది లాస్ ఏంజెలెస్ వైపు ఉండే పదకొండేళ్ల పిల్లాడికి ప్యాకెట్‌లో దొరికింది. కార్డు ఇస్తే హోమ్ ప్లేట్ వెనక రెండు సీట్లు ముప్పై ఏళ్లపాటు ఇస్తామని పైరేట్స్ ముందుకొచ్చారు, ఆ కుటుంబం వేలానికే వెళ్లింది. జట్టు ఆ ఏడాది ఆటగాడికిచ్చిన జీతం కంటే అతని జెర్సీ ముక్కకు ఎక్కువ పలికింది.

ఇందులో మనం పట్టుకోవాల్సిన పాయింట్ ఏమిటంటే, ప్రపంచంలోని గొప్ప పిచ్చర్లలో ఒకడు మనకు దాదాపు ఉచితంగా దొరుకుతున్నాడు. మార్కెట్లో అలాంటివాడికి ఏడాదికి ముప్పై, నలభై మిలియన్లు. ఆ మిగులు ఎటు పోతోంది? అది బ్యాటర్ల మీదికి వెళ్లాలి. 2026 తర్వాత స్కీన్స్ ఆర్బిట్రేషన్‌కి వస్తాడు, అక్కడి నుంచి ఏటేటా ఖరీదు పెరుగుతుంది. ఎక్స్‌టెన్షన్‌కైనా, బ్యాటర్లకైనా చవకగా దొరికే సమయం ఇదే.

మార్కెట్ అన్యాయంగా ఉందంటే నేనూ ఒప్పుకుంటాను. ఐపీఎల్‌లో 2025 వేలానికి ప్రతి జట్టుకూ పర్సు 120 కోట్లే, ముంబై అయినా లక్నో అయినా ఒకటే. బేస్‌బాల్‌లో అలాంటి పరిమితి లేదు. కొంత దాటితే పన్ను కట్టాలి, అంతే. డాడ్జర్స్ ఒహ్తానీకి 700 మిలియన్లు రాసిచ్చి, అందులో 680 మిలియన్లు తర్వాతెప్పుడో చెల్లించేలా ఒప్పందం చేసుకోగలరు. మెట్స్ హువాన్ సోటోకి 765 మిలియన్లు ఇవ్వగలరు. మనం అలా చేయలేం, చేయమని నేను అడగట్లేదు కూడా. కానీ కాన్సస్ సిటీ మనకంటే చిన్న మార్కెట్టే కదా? 2023లో 106 మ్యాచ్‌లు ఓడింది. ఆ తర్వాతి ఫిబ్రవరిలో బాబీ విట్ జూనియర్‌తో 11 ఏళ్లకు 288 మిలియన్ల పైచిలుకు ఒప్పందం చేసుకుంది. ఫ్రీ ఏజెంట్లనూ తెచ్చుకుంది. అదే ఏడాది ప్లేఆఫ్స్ ఆడింది. అక్కడి యజమాని కుబేరుడేం కాదు, నిర్ణయం తీసుకున్నాడు.

మన మేనేజ్‌మెంట్ ఈ చలికాలం కొంత కదిలిందని చెప్పకపోతే అన్యాయం. బ్యాటర్ బ్రాండన్ లౌను ట్రేడ్‌లో తెచ్చారు. ర్యాన్ ఓహర్న్‌కి రెండేళ్లకు 29 మిలియన్లు ఇచ్చారు. వేరే ఊళ్లో ఇది చిన్న వార్త. ఇక్కడ ఫ్రీ ఏజెంట్ బ్యాటర్‌కి ఒకటి కంటే ఎక్కువ ఏళ్ల కాంట్రాక్టు ఇవ్వడమే అరుదు కాబట్టి పెద్ద వార్తే. ఓహర్న్ వార్త చూడగానే నాకు నిజంగా సంతోషమేసింది. కానర్ గ్రిఫిన్ లాంటి కుర్రాడు కింద నుంచి వస్తున్నాడు, పిచ్చర్ బబ్బా చాండ్లర్ అప్పుడే వచ్చేశాడు. ఇరవై ఏళ్లు వరసగా ఓడి, 1993 నుంచి 2012 దాకా ఒక్క మంచి సీజన్ కూడా చూడని ఊరికి ఇప్పుడు నిజంగానే ఒక దారి కనిపిస్తోంది. సరిగ్గా ఇప్పుడా మనం స్కీన్స్‌ను అమ్మమని అడిగేది?

ఎక్స్‌టెన్షన్ ఎంత ఉండాలి అంటారా? రెండు కొలతలు చూడండి. 2022లో అట్లాంటా స్పెన్సర్ స్ట్రైడర్‌కి ఆరేళ్లకు 75 మిలియన్లిచ్చింది. 2025లో బోస్టన్ గారెట్ క్రోషేకి ఆరేళ్లకు 170 మిలియన్లిచ్చింది. స్కీన్స్ ఆ రెండింటికీ పైనే ఉంటాడు. పైరేట్స్ 2023లో బ్రయాన్ రేనాల్డ్స్‌కి 106.75 మిలియన్లు ఇచ్చినప్పుడు, అప్పటికి జట్టు చరిత్రలోనే అది పెద్ద కాంట్రాక్టు. 2024లో మిచ్ కెల్లర్‌కి 77 మిలియన్లు ఇచ్చారు. నా అంచనాలో 200 మిలియన్ల దిగువన మొదలుపెడితే స్కీన్స్ వైపు నుంచి జవాబు కూడా రాదు. మధ్యలో బయటికి వెళ్లే హక్కు కూడా పెట్టాలి. అతను వద్దనవచ్చు. వద్దంటే వద్దన్నాడని తెలుస్తుంది. నవంబర్‌లో అతను యాంకీస్‌కి వెళ్లాలనుకుంటున్నాడని పుకారు వస్తే, తన లక్ష్యం పిట్స్‌బర్గ్‌లో గెలవడమేనని తనే బయటికి చెప్పాడు. అంతమాట అన్నవాడి ముందు గట్టి ఆఫర్ పెట్టాలి కదా.

గడువు కూడా దగ్గర్లోనే ఉంది. ఆటగాళ్ల సంఘానికీ యజమానులకూ మధ్య ఒప్పందం 2026 డిసెంబర్ 1తో ముగుస్తుంది. తర్వాత జీతాల పరిమితి వస్తుందా, లాకౌట్ (యజమానులే ఆట ఆపేయడం) వస్తుందా అని ఇప్పటికే టెన్షన్ మొదలైంది. "కొత్త రూల్స్ వచ్చాక చూద్దాం" అనడం యజమానులకు చాలా తేలిక. మనం ఆ సాకు అంగీకరించకూడదు.

మనం మాట్లాడితే ఎవరు వింటారు అంటారేమో. 2025 ఏప్రిల్‌లో పీఎన్‌సీ పార్క్ కుడివైపు గోడమీద మన పాత ఆటగాడు రాబర్టో క్లెమెంటే 21 నంబర్ గుర్తు తీసేసి అక్కడ ప్రకటన పెట్టారు. క్లెమెంటే అంటే ఈ ఊరికి ఏమిటో మీకు చెప్పక్కర్లేదు. 1972 డిసెంబర్ 31న నికరాగువా భూకంప బాధితులకు సాయం తీసుకెళ్తూ విమాన ప్రమాదంలో చనిపోయిన మనిషి. ఆ గోడ ఎత్తు 21 అడుగులు పెట్టింది కూడా ఆయన పేరు మీదే. కుటుంబం, అభిమానులు గట్టిగా అభ్యంతరం చెప్పారు. గుర్తు మళ్లీ పెట్టారు. వింటారు, గట్టిగా చెబితే వింటారు.

చెప్పే హక్కూ మనకుంది. 2001లో తెరిచిన పీఎన్‌సీ పార్క్ ఎక్కువ భాగం ప్రజల డబ్బుతో కట్టిందే. పెన్సిల్వేనియాలో అమ్మకపు పన్ను 6 శాతమైతే అల్లెఘెనీ కౌంటీలో మనం 7 కడుతున్నాం. ఆ అదనపు శాతంలో కొంత స్టేడియాల అప్పు తీర్చడానికే వెళ్తూ వచ్చింది. మ్యాచ్‌కి ఒక్కసారి కూడా వెళ్లని మన అత్తయ్యలూ మామయ్యలూ షాపులో కుక్కర్ కొన్నా ఇందులో వాటాదారులే.

భారతీయులుగా ఈ జట్టుతో మనకు ఇంకో బంధం కూడా ఉంది. 2008 నవంబర్‌లో ఉత్తరప్రదేశ్ నుంచి వచ్చిన రింకు సింగ్, దినేశ్ పటేల్ అనే ఇద్దరు కుర్రాళ్లతో పైరేట్స్ సంతకం చేయించుకున్నారు. అంతకు కొన్ని నెలల ముందు వరకూ వాళ్లు బేస్‌బాల్ ముట్టుకోనైనా లేదు, జావెలిన్ విసిరేవాళ్లు. మేజర్ లీగ్ సంస్థతో కాంట్రాక్టు చేసుకున్న మొదటి భారతీయులు వాళ్లే. ఇద్దరూ మేజర్స్‌దాకా రాలేదు. అయినా తెలియని చేతుల మీద నమ్మకం పెట్టిన జట్టు ఇది. తెలిసిన చేతి మీద, దేశమంతా చూసిన చేతి మీద, ఇప్పుడు ఎందుకు వెనకాడాలి?

కాబట్టి నా విన్నపం. వచ్చే వారం కలిసినప్పుడు ట్రేడ్ ప్యాకేజీలు రాయడం మానేసి, ఎక్స్‌టెన్షన్ లెక్క వేద్దాం, ఎడమ ఫీల్డ్‌కీ మూడో బేస్‌కీ ఎవర్ని తేవాలో పోట్లాడుకుందాం. మీలో చాలామందికి సీజన్ టికెట్లున్నాయి. రెన్యూవల్ కోసం టికెట్ ఆఫీసు నుంచి ఫోన్ వచ్చినప్పుడు ఆ అమ్మాయి మీద కోప్పడకండి, తన చేతిలో ఏమీ లేదు. మర్యాదగా రెండు ప్రశ్నలు అడిగి, పైవాళ్లకు చేర్చమనండి: స్కీన్స్‌కి రాతపూర్వకంగా ఆఫర్ పెట్టారా, పెట్టకపోతే ఎప్పుడు పెడతారు? ఓహర్న్ తర్వాత వచ్చే బ్యాటర్ ఎవరు? జవాబు వచ్చాకే కార్డు నంబర్ చెప్పండి.

మీ తోటి పైరేట్స్ అభిమాని,
మన్రోవిల్ నుంచి